శ్రీలంక శీతోష్ణస్థితి - పర్యటనా కాలాలు

శ్రీలంక హిందూ మహాసముద్రంలో భారతదేశానికి ఆగ్నేయ దిశలో ఉన్న ద్వీప దేశము. దీని వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అయినప్పటికీ ఈ దేశంలో అన్ని ప్రాంతాలకూ ఒకే వర్షాకాలం లేదు. నైరుతి తీరంలో వానలు కురిసే నెలలలో తూర్పు తీరం పొడిగా ఉంటుంది. తూర్పు, ఉత్తర ప్రాంతాలలో వానలు ముమ్మరంగా ఉన్నప్పుడు నైరుతి తీరం తెరిపిన పడుతుంది. కావున శ్రీలంక పర్యటనకు దేశమంతటికీ వర్తించే అనుకూల కాలము అంటూ ఒకటి లేదు. వెళ్ళే నెలను బట్టి ప్రాంతాన్ని గానీ, చూడదలచిన ప్రాంతాన్ని బట్టి నెలను గానీ ఎంచుకొనవలసి ఉంటుంది.

భౌగోళిక కారణాలు

ఈ ద్వీపం సుమారు 6 నుండి 10 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, భూమధ్యరేఖకు చేరువలో ఉన్నది. అందువలన ఒకే స్థలంలో నెలకూ నెలకూ ఉష్ణోగ్రతలో వ్యత్యాసం స్వల్పము. ఇక్కడ కాలాలను నిర్ణయించేవి ఎండ, చలి కంటే ముఖ్యంగా గాలి, వాన.

దేశం నడుమ, కొంత దక్షిణానికి జరిగి, ఎత్తైన పర్వత ప్రాంతం కలదు. ఇందులో పిదురుతలాగల శిఖరం ఎత్తు 2,524 మీటర్లు. నైరుతి దిశ నుండి వచ్చే తేమ గాలులు ఈ కొండల పడమటి వాలుపై పైకి లేచి, చల్లబడి వర్షిస్తాయి. కొండ దాటి తూర్పు వైపునకు దిగేసరికి అవే గాలులు తేమను కోల్పోయి వేడెక్కుతాయి. తూర్పు ప్రాంత ప్రజలు ఈ పొడిగాలిని 'కచ్చాన్' అని పిలుస్తారు. ఈశాన్య గాలులు వీచే కాలంలో ఈ క్రమం తారుమారై, పడమటి వైపు వర్షచ్ఛాయలోనికి వస్తుంది.

వార్షిక వర్షపాతాన్ని బట్టి దేశాన్ని మూడు మండలాలుగా విభజిస్తారు. 2,500 మి.మీ. కంటే ఎక్కువ వర్షం పడే నైరుతి భాగము ఆర్ద్ర మండలము. 1,750 మి.మీ. కంటే తక్కువ పడే ఉత్తర, తూర్పు, ఆగ్నేయ భాగాలు శుష్క మండలము. ఈ రెంటి నడుమ ఉన్నది మధ్యస్థ మండలము. పడమటి వాలులోని కొన్నిచోట్ల వర్షపాతం 5,000 మి.మీ. దాటగా, మన్నార్ పరిసరాలలో 1,000 మి.మీ. వరకు మాత్రమే ఉంటుంది.

నాలుగు కాలాలు

శ్రీలంక వాతావరణ శాఖ సంవత్సరాన్ని నాలుగు కాలాలుగా గుర్తిస్తుంది.

- మార్చి - ఏప్రిల్: మొదటి సంధికాలం. గాలులు బలహీనం. మధ్యాహ్నం తరువాత ఉరుములతో వానలు.
- మే - సెప్టెంబరు: నైరుతి రుతుపవన కాలం. ఆర్ద్ర మండలంలో వానలు, తూర్పున పొడి.
- అక్టోబరు - నవంబరు: రెండవ సంధికాలం. దేశమంతటా వానలు, బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుఫానులు.
- డిసెంబరు - ఫిబ్రవరి: ఈశాన్య రుతుపవన కాలం. ఉత్తర, తూర్పు ప్రాంతాలలో, తూర్పు వాలులో వానలు.

రైతుల పంటకాలాలు కూడా వీటినే అనుసరిస్తాయి. శుష్క మండలంలో ఈశాన్య వానలతో సాగే ప్రధాన పంటకాలాన్ని 'మహా' అనీ, నైరుతి కాలంలోని రెండవ పంటకాలాన్ని 'యాల' అనీ అంటారు.

నైరుతి, దక్షిణ తీరము

కొలంబో, బెంతోట, హిక్కడువ, గాలే, మిరిస్స ఈ భాగంలో ఉన్నాయి. ఇక్కడ డిసెంబరు నుండి మార్చి వరకు సముద్రం శాంతంగా ఉండి స్నానానికి అనుకూలిస్తుంది. మిరిస్స నుండి పడవలలో వెళ్ళి నీలి తిమింగలాలను చూసే కాలం నవంబరు నుండి ఏప్రిల్ వరకు. మే నుండి సెప్టెంబరు వరకు వాన ప్రతిదినమూ కురియకపోయినా, కెరటాలు ఉద్ధృతంగా ఉండి, తీరం నుండి లోపలికి లాగే ప్రవాహాలు ఏర్పడతాయి. ఈత వచ్చినవారు కూడా వీటిలో చిక్కుకొని మరణించిన సందర్భాలు ఉన్నాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన సముద్రం సురక్షితమని భావించరాదు.

తూర్పు, ఉత్తర ప్రాంతాలు

త్రికోణమలై, నీలావెలి, మట్టకళప్పు, అరుగంబే తీరాలకు అనుకూల కాలం మే నుండి సెప్టెంబరు వరకు. నీలావెలి వద్దనున్న పావురాల దీవిలో పగడపు దిబ్బలను చూడడానికి, అరుగంబేలో అలలపై పలకలతో జారే క్రీడకు ఈ నెలలే తగినవి. జాఫ్నాలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలు ఎక్కువ.

ఈ మార్పిడి పర్యాటకుల కంటే ముందు జాలరులకు తెలిసినది. పడమటి తీరపు జాలరి కుటుంబాలు కొన్ని నైరుతి గాలుల కాలంలో తూర్పు తీరానికి తరలి, తాత్కాలిక గుడిసెలు వేసుకొని వేట సాగించి, గాలి మారిన తరువాత తిరిగి వస్తాయి.

కొండ ప్రాంతము

ఎత్తు పెరిగిన కొలదీ ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. కొలంబోలో సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీల పైన ఉండగా, సుమారు 1,870 మీటర్ల ఎత్తునున్న నువర ఎలియలో అది 16 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలలలో అక్కడ కొన్ని తెల్లవారుజాములలో నేలపై మంచు పేరుకొనుట కలదు. కాబట్టి ఈ ప్రాంతానికి వెళ్ళేవారికి ఉన్ని దుస్తులు అవసరము.

కొండలలోనూ రెండు పార్శ్వాలకు కాలాలు వేరు. పడమటి వైపు దింబుల తోటలలో మేలైన తేయాకు జనవరి - మార్చి నెలలలోనూ, తూర్పు వైపు ఉవా తోటలలో జూలై - సెప్టెంబరు నెలలలోనూ లభిస్తుంది. ఆయా నెలలలో వీచే పొడిగాలులే ఆ రుచికి కారణము. తేయాకు మేలుగా ఉండే నెలలే ఆ ప్రాంతంలో దారులు, దృశ్యాలు తేటగా ఉండే నెలలు కూడా. 2,243 మీటర్ల ఎత్తైన శ్రీపాద శిఖర యాత్ర డిసెంబరు పున్నమితో మొదలై మే నెలలోని వైశాఖ పున్నమితో ముగుస్తుంది. నైరుతి వానలు ఉద్ధృతమయ్యే సమయానికి యాత్ర పూర్తి కావడం గమనార్హము.

చెరువులు, వన్యప్రాణులు

అనురాధపురం, పొలొన్నరువ, సిగిరియ శుష్క మండలంలోని పురాతన స్థలాలు. జూన్ నుండి సెప్టెంబరు వరకు ఇక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. సిగిరియ వంటి రాతికొండను ఉదయమే ఎక్కుట మంచిది. క్రీ.శ. 3వ శతాబ్దంలో మహాసేనుడు నిర్మించిన మిన్నేరియ చెరువులో ఎండకాలంలో నీరు తగ్గి, బయటపడిన నేలపై లేత గడ్డి మొలుస్తుంది. దానిని మేయుటకు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఏనుగులు వందల సంఖ్యలో చేరుతాయి. చెరువులో నీటిమట్టం ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో గడ్డితో పాటు గుంపులు కూడా తగ్గుతాయి. ఆగ్నేయంలోని యాల జాతీయ వనంలో ముఖ్య భాగాన్ని అనావృష్టి వలన సాధారణంగా సెప్టెంబరులో కొన్ని వారాలు మూసివేస్తారు.

ప్రమాదాలు

పర్యటనా కాలాలు సగటు లెక్కలే గాని హామీలు కావు. 2003 మే, 2017 మే నెలలలో నైరుతి జిల్లాలలో వరదలు, కొండచరియలు విరిగిపడడం వలన ఒక్కొక్కసారి 200 మందికి పైగా మరణించారు. 1964 డిసెంబరులో ధనుష్కోడిని తుడిచిపెట్టిన తుఫాను శ్రీలంక ఉత్తర భాగాన్ని కూడా దెబ్బతీసింది. 1978 నవంబరు తుఫాను మట్టకళప్పు ప్రాంతానికి తీవ్ర నష్టం కలిగించింది. 2025 నవంబరు చివరిలో వచ్చిన దిత్వా తుఫాను వలన 600 మందికి పైగా మరణించారు. కొండ జిల్లాలలో చరియలు విరిగిపడి, రైలు మార్గం పలుచోట్ల దెబ్బతిన్నది. నైరుతి తీరంలో పర్యాటకుల రాక పెరిగే సమయము, బంగాళాఖాతంలో తుఫానుల సమయము నవంబరు, డిసెంబరులలో కలిసివస్తాయి. కొండ ప్రాంతానికి బయలుదేరేముందు వాతావరణ శాఖ సూచనలతో పాటు, కొండచరియల హెచ్చరికలు జారీచేసే జాతీయ భవన పరిశోధన సంస్థ ప్రకటనలను కూడా చూడవలెను.

తెలుగు రాష్ట్రాల సెలవులతో పోలిక

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వానాకాలం జూన్‌లో మొదలవుతుంది. శ్రీలంక నైరుతి భాగాన్ని రుతుపవనాలు సాధారణంగా మే చివరిలోనే తాకుతాయి. కావున వేసవి సెలవులలో వెళ్ళేవారు మే రెండవ సగంలో నైరుతి తీరం కంటే తూర్పు తీరాన్ని ఎంచుకొనుట మేలు. దసరా సమయంలో దేశమంతటా సంధికాలపు వానలు ఉంటాయి గనుక, ఉదయం తిరిగి మధ్యాహ్నం విశ్రమించేలా దినచర్య ఏర్పరచుకొనవలెను. సంక్రాంతి సెలవులు దక్షిణ తీరానికి, శ్రీపాద యాత్రకు అనుకూలము. ఆ సమయంలో తూర్పు తీరంలో వానలు పూర్తిగా వెనుకపట్టి ఉండవు. ఒకే పర్యటనలో రెండు తీరాలనూ చూడదలచినవారు ఒకదానిని సముద్రస్నానానికి, రెండవదానిని దేవాలయాలు, కోటలు వంటివి చూడడానికి కేటాయించుకొనవచ్చును.