చేతి ట్యూబు బెండరు

చేతి ట్యూబు బెండరు అనేది ఉక్కు గొట్టాలను వేడి చేయకుండా, మోటారు సహాయం లేకుండా, నిర్ణీతమైన వ్యాసార్థంలో వంచే పనిముట్టు. రేసు కార్లలో డ్రైవరు చుట్టూ అమర్చే రోల్ కేజి అనే రక్షణ పంజరం తయారీలో దీనిని విరివిగా వాడుతారు. చిన్న వర్క్‌షాపులు, సొంతంగా కార్లు కట్టుకొనే ఔత్సాహికులు, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థి బృందాలు ఎక్కువగా ఈ చేతి యంత్రం మీదనే ఆధారపడతాయి.

రేసు కారు తలకిందులైనపుడు పైకప్పు రేకు నలిగిపోతుంది. అప్పుడు డ్రైవరు తలకూ నేలకూ మధ్య మిగిలేది ఈ పంజరం మాత్రమే. వంచిన చోట గొట్టం చదునైనా, లోపలి వైపు ముడతలు పడినా, భారం పడినపుడు పంజరం ముందుగా కూలేది అక్కడే. అందువలన బెండరు ఎంపికను ధర, సౌలభ్యాలకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడరాదు. ముందు పోటీ నియమావళి, దానిని బట్టి గొట్టం, గొట్టాన్ని బట్టి డై, చివరకు బెండరు: ఎంపిక ఈ వరుసలో జరగాలి. చాలామంది దీనికి తలకిందుగా మొదలుపెట్టి, బెండరు కొన్న తరువాత నియమావళి తెరుస్తారు.

ట్యూబు, పైపు - తేడా

వాడుకలో రెండింటినీ గొట్టం అనే అంటాము గానీ, ఈ పనిలో ట్యూబు వేరు, పైపు వేరు. ట్యూబు కొలత దాని అసలైన బయటి వ్యాసం. పైపు కొలత నామమాత్రమైనది. నీరు, వాయువు ప్రవహించే లోపలి రంధ్రానికి దగ్గరగా ఉండేటట్లు పెట్టిన పేరు. 1½ అంగుళాల ట్యూబు బయటి వ్యాసం సరిగ్గా 38.1 మిల్లీమీటర్లు. 1½ అంగుళాల పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు. పైపు కోసం చేసిన డై గాడిలో ట్యూబును పెడితే పక్కల ఆధారం లేక, వంచగానే చప్పబడుతుంది. ప్లంబింగు పనివారి వద్ద ఉండే పైపు బెండరు రోల్ కేజికి పనికిరాకపోవడానికి ఇది మొదటి కారణం.

రెండవ కారణం అది పనిచేసే తీరులోనే ఉంది. ఆ యంత్రంలో గొట్టాన్ని రెండు రోలర్లకు ఆనించి, మధ్యలో జాకుతో నెడతారు. బలమంతా ఒక చోట పడుతుంది. మందమైన గోడ గల నీటి పైపు దానిని తట్టుకుంటుంది, పలుచని గోడ గల ట్యూబు నొక్కుకుపోతుంది. సైలెన్సరు గొట్టాలను వంచే యంత్రాలలో చాలా వాటిదీ ఇదే పద్ధతి. పొగ పోవడానికి నలిగిన వంపు అడ్డు కాదు, ప్రాణరక్షణకు అడ్డే.

పని చేసే విధానం

రేసు కార్లకు తగిన బెండరులో గొట్టాన్ని నెట్టరు, డై చుట్టూ చుడతారు. దీని ప్రధాన భాగం డై. ఇది అంచున అర్ధవృత్తాకారపు గాడి గల మందమైన లోహపు చక్రం, లేదా చక్రంలో ఒక భాగం. గొట్టాన్ని గాడిలో ఉంచి, ఒక కొసను యు ఆకారపు పట్టీతో డైకి బిగిస్తారు. గొట్టానికి రెండవ వైపున ఫాలోయరు అనే గాడి గల దిమ్మ ఉంటుంది. పొడవాటి హ్యాండిలు లాగినపుడు డై తిరుగుతుంది, పట్టీ గొట్టాన్ని తనతో లాక్కొని పోతుంది, ఫాలోయరు గొట్టాన్ని గాడిలోకి ఒత్తి పట్టుకుంటుంది. వంపు జరిగే క్షణంలో గొట్టం చుట్టూ ఖాళీ లేకుండా లోహం ఉండడమే ఈ పద్ధతిలోని గుట్టు. ఫాలోయరు అరిగినా, పిన్నుల రంధ్రాలు వదులైనా ఆ ఖాళీ ఏర్పడుతుంది. ముడతలు అక్కడి నుండే మొదలవుతాయి.

వంపు ఎంత పెద్దదో చెప్పే కొలతను మధ్యరేఖా వ్యాసార్థం అంటారు. ఇది డై కేంద్రం నుండి గొట్టం నడిమి రేఖ వరకు గల దూరం. ఇది గొట్టపు వ్యాసానికి 3 రెట్లు ఉన్నదనుకుందాం. అప్పుడు వంపు బయటి అంచు మధ్యరేఖ కంటే ఆరవ వంతు, అంటే దాదాపు 17 శాతం, ఎక్కువ పొడవు సాగాలి. లోపలి అంచు అంతే మేరకు కుంచించుకోవాలి. సాగిన వైపు గోడ పలుచబడుతుంది, కుంచించుకున్న వైపు మందమవుతుంది. వ్యాసార్థం తగ్గిన కొద్దీ ఈ సాగుడు పెరుగుతుంది. ఇంకా చిన్న వంపులు కావాలంటే గొట్టం లోపల మాండ్రెల్ అనే ఆధారం పెట్టి వంచే యంత్రాలు కావాలి. అవి సాధారణంగా హైడ్రాలిక్ శక్తితో నడుస్తాయి, ఖరీదు కూడా ఎక్కువ.

నియమావళి

అంతర్జాతీయ ఆటోమొబైలు సమాఖ్య (ఎఫ్.ఐ.ఎ.) నిబంధనల అనుబంధం 'జె', 253వ అధికరణం రక్షణ పంజరాల గురించి వివరిస్తుంది. దాని ప్రకారం డ్రైవరు వెనుక నిలిచే ప్రధాన కమానుకు 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. గోడ గానీ, 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. గోడ గానీ కనీసంగా ఉండాలి. లోహం అతుకు లేకుండా చల్లగా లాగిన కర్బన ఉక్కు కావాలి, తన్యతా బలం 350 మెగాపాస్కళ్ళకు తగ్గరాదు. వంపులను చల్లని స్థితిలోనే చేయాలి. మధ్యరేఖా వ్యాసార్థం గొట్టపు వ్యాసానికి కనీసం 3 రెట్లు ఉండాలి. వంపులో గొట్టం కోడిగుడ్డు ఆకారానికి తిరిగితే, చిన్న వ్యాసం పెద్ద వ్యాసంలో 0.9 వంతుకు తగ్గరాదు. ఉపరితలం నునుపుగా, ముడతలు, పగుళ్ళు లేకుండా ఉండాలి.

ఈ 0.9 అనే అంకె తనిఖీ అధికారి చేతిలోని వెర్నియరు కాలిపరుకు సులభంగా అందుతుంది. 45 మి.మీ. గొట్టం వంపులో ఒక వైపు 46 మి.మీ.కు ఉబ్బితే, రెండవ వైపు 41.4 మి.మీ.కు తగ్గకుండా ఉండాలి. కంటికి గుండ్రంగా కనిపించే వంపు కూడా ఈ కొలతలో తప్పవచ్చు. గొట్టంలో ఇసుక దట్టించి, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచే పాత పద్ధతి గేట్లకు, ఫర్నిచరుకు సరిపోతుంది. రోల్ కేజికి అది నిబంధనకే విరుద్ధం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఇంజనీరింగు విద్యార్థులకు ఎక్కువగా ఎదురయ్యేది బాజా ఎస్.ఎ.ఇ. ఇండియా పోటీ. అక్కడ పంజరపు ప్రధాన భాగాలకు మూల ప్రమాణం 25.4 మి.మీ. వ్యాసం, 3.05 మి.మీ. గోడ, కనీసం 0.18 శాతం కర్బనం గల ఉక్కు. వేరే కొలతల గొట్టం వాడదలచిన బృందాలు, దాని వంపు దృఢత్వం, బలం ఈ ప్రమాణానికి తగ్గవని లెక్క కట్టి చూపాలి. నిబంధనలు ఏటేటా సవరిస్తారు కనుక గొట్టం కొనే ముందు ఆ యేటి ప్రతిని చదవడం తప్పనిసరి. సీనియర్ల మాట మీద కొనకూడదు.

ఎంపిక

ఒక డై ఒకే వ్యాసపు గొట్టానికి, ఒకే వ్యాసార్థానికి పనికివస్తుంది. 44.45 మి.మీ. (1¾ అంగుళాలు) గొట్టానికి 152.4 మి.మీ. (6 అంగుళాలు) వ్యాసార్థపు డై వాడితే నిష్పత్తి 3.43 వస్తుంది, నియమానికి లోబడి, కొంత వెసులుబాటు కూడా మిగులుతుంది. 45 మి.మీ. మెట్రిక్ గొట్టం ఈ గాడిలో సరిగా కూర్చోదు. తేడా అర మిల్లీమీటరే అయినా బలవంతంగా దిగిన గొట్టం గీసుకుపోతుంది, మెట్రిక్ డైలో అంగుళాల గొట్టం వదులుగా ఉంటుంది. కొనేటప్పుడు మొదట అడగవలసినది, దొరికే గొట్టం ఏ కొలతలో ఉన్నది, దానికి డై దొరుకుతుందా అనే. ఒక తయారీదారు డైలు మరొకరి బెండరుకు సాధారణంగా అమరవు. రెండు మూడు డైలు కొనేసరికి వాటి ఖర్చు యంత్రం ధరకు చేరువ అవుతుంది. అందువలన బెండరు కొనడమంటే ఒక డైల కుటుంబంలో చేరడమే.

అమెరికాలోని చిన్న వర్క్‌షాపులలో జేడీ స్క్వేర్డ్ మోడల్ 3, ప్రో-టూల్స్ 105, హాస్‌ఫెల్డ్ వంటి బెండర్లు పేరు పొందాయి. హాస్‌ఫెల్డ్ పట్టీలు, కడ్డీలు కూడా వంచే బహుళార్థ యంత్రం. మొదటి రెండూ గొట్టాల కోసమే ఉద్దేశించినవి.

మనిషి బలం సరిపోతుందా అన్నది తరువాతి ప్రశ్న. లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ప్రతిబలం 450 మెగాపాస్కళ్ళు అనుకుంటే, 44.45 మి.మీ. వ్యాసం, 2.41 మి.మీ. గోడ గల గొట్టాన్ని వంచడానికి సుమారు 1,920 న్యూటన్-మీటర్ల భ్రామకం కావాలి. 1.8 మీటర్ల హ్యాండిలును నేరుగా లాగితే కొసన దాదాపు 109 కిలోల బరువుకు సమానమైన బలం పెట్టాలి. ఘర్షణ దీనికి అదనం. అదే ఉక్కుతో చేసిన బాజా గొట్టానికి (25.4 మి.మీ., 3.05 మి.మీ. గోడ) సుమారు 39 కిలోలు చాలు. గోడ మందంగా ఉన్నా పని సులువు కావడానికి కారణం చిన్న వ్యాసం. పెద్ద గొట్టాలు వంచే చేతి యంత్రాలలో లింకుల అమరికతో ఈ భారాన్ని తగ్గించి, పిన్నులు మార్చుకుంటూ కొద్ది కొద్ది డిగ్రీలుగా వంచుతారు. అయినా ఇద్దరు మనుషులు అవసరం కావచ్చు. తరువాత హైడ్రాలిక్ జాకు అమర్చుకొనే వీలున్న నమూనా అయితే మేలు.

ఎంత బలంతో లాగుతామో అంత బలంతో బెండరు స్టాండు నేలను పెకలిస్తుంది. అందుచేత దానిని కాంక్రీటు గచ్చులో యాంకరు బోల్టులతో బిగించాలి. హ్యాండిలు తిరగడానికి చుట్టూ స్థలం, గొట్టం తోక ఊగడానికి అంతకంటే ఎక్కువ స్థలం కావాలి. కొన్నవారు మరచిపోయే ఖర్చు ఇదే.

కొలతలు, గుర్తులు

ఎఫ్.ఐ.ఎ. నియమం ప్రకారం ప్రధాన కమాను ఒకే గొట్టంతో చేసినదై ఉండాలి, నడుమ అతుకు ఉండరాదు. కాబట్టి రెండవ వంపు తప్పితే మొదటి వంపు కూడా వృథా. 6 మీటర్ల గొట్టంలో సాధారణంగా ఒకే కమాను వస్తుంది. ఉక్కు చెడిపోయేది ఎక్కువగా లాగేటప్పుడు కాదు, సుద్దతో గుర్తు పెట్టేటప్పుడు.

ఒక ఉదాహరణ. మధ్యరేఖల మీద కొలిచి 1,200 మి.మీ. వెడల్పు, 1,100 మి.మీ. ఎత్తు, రెండు 90 డిగ్రీల వంపులు గల కమాను కావాలి. డై వ్యాసార్థం 152.4 మి.మీ. సరళరేఖలుగా కూడితే పొడవు 1,100 + 1,200 + 1,100 = 3,400 మి.మీ. కానీ గొట్టం మూలల వరకు పోదు, వంపు తిరిగి అడ్డదారిన పోతుంది. ప్రతి మూల వద్ద రెండు వైపులా 152.4 చొప్పున 304.8 మి.మీ. తగ్గి, దాని బదులు చాపం పొడవు 239.4 మి.మీ. చేరుతుంది. అంటే ఒక్కొక్క వంపుకు 65.4 మి.మీ. మిగులు. కావలసిన గొట్టం సుమారు 3,269 మి.మీ.

పొడవు ఎక్కువైతే కోసివేయవచ్చు. ప్రమాదం వంపు మొదలయ్యే గుర్తులో ఉంది. అది గొట్టం నడిమి నుండి 600 మి.మీ. వద్ద కాదు, 600 నుండి 152.4 తీసివేయగా 447.6 మి.మీ. వద్ద ఉండాలి. 600 వద్ద వంపు మొదలుపెడితే కమాను వెడల్పు 1,505 మి.మీ. అవుతుంది, కారులో పట్టదు. వంపు 90 డిగ్రీలు కానపుడు, మూల నుండి వెనక్కు రావలసిన దూరం వ్యాసార్థాన్ని సగం కోణపు టాంజెంటుతో గుణిస్తే వస్తుంది. ఇదే డైతో 45 డిగ్రీల వంపుకు అది 63.1 మి.మీ.

వంపు నిజంగా డై మీద ఏ బిందువు వద్ద మొదలవుతుందో ప్రతి యంత్రానికీ కొద్దిగా వేరు. ఒక మీటరు తుక్కు ముక్క మీద గుర్తు పెట్టి, 90 డిగ్రీలు వంచి, కొలిచి ఆ తేడాను తెలుసుకోవాలి. చివరి గొట్టం ముట్టుకొనే ముందు వెల్డింగు తీగతో చిన్న నమూనా వంచి చూడడం కూడా మంచిది. వంపు ఏ వైపు తిరగాలో కాగితం మీద కంటే తీగలో సులభంగా తెలుస్తుంది.

వంచడం

గొట్టానికీ డై గాడికీ మధ్య నూనె, మట్టి లేకుండా తుడవాలి. ఫాలోయరు మాత్రం గొట్టం మీద జారుతుంది కనుక దాని గాడికి గ్రీజు రాయాలి. ఈ రెంటినీ తారుమారు చేసేవారున్నారు. అతుకు గల గొట్టం వాడేందుకు అనుమతి ఉన్న పోటీలలో, ఆ అతుకు వంపుకు బయటి అంచున గానీ లోపలి అంచున గానీ రాకుండా, సాగుడు లేని పక్క భాగంలో ఉండేటట్లు తిప్పి పెట్టాలి.

హ్యాండిలు వదలగానే గొట్టం కొన్ని డిగ్రీలు వెనక్కు తెరుచుకుంటుంది. దీనిని స్ప్రింగ్ బ్యాక్ అంటారు. మెత్తని ఉక్కులో ఇది తక్కువ, క్రోమియం-మాలిబ్డినం కలిసిన 4130 ఉక్కులో ఎక్కువ. ఎంత తెరుచుకుంటుందో తుక్కు ముక్కతో కనుగొని, అంత అదనంగా వంచాలి. తక్కువ వంగితే మళ్ళీ లాగవచ్చు. ఎక్కువ వంగిన దానిని తిన్నగా చేయబోతే వంపు ఆకారం చెడుతుంది, లోహం కూడా దెబ్బతింటుంది. అందుకని చివరి డిగ్రీలను ఆగి ఆగి కొలుస్తూ లాగుతారు. రెండవ వంపుకు ముందు, మొదటి వంపు తలానికి అది సరిగా ఉన్నదో లేదో స్పిరిట్ లెవెలు లేదా డిజిటలు కోణమాపకంతో చూడాలి. 2 డిగ్రీలు మెలి తిరిగినా కమాను కాళ్ళు రెండూ ఒకేసారి నేలకు ఆనవు.

బిగిసిన గొట్టంలో నిలవ ఉన్న శక్తి హ్యాండిలును వెనక్కు విసరగలదు. పిన్ను మార్చేటప్పుడు యంత్రపు ఆపు కొక్కెం పడిందో లేదో చూడకుండా హ్యాండిలు దారిలో నిలబడరాదు, డైకీ ఫాలోయరుకూ నడుమ వేలు పెట్టరాదు.

వంచకూడని చోట్లు

బెండరు చేతికి వచ్చిన కొత్తలో ప్రతి గొట్టాన్నీ వంచాలనిపిస్తుంది. కానీ నిలువునా భారం మోసే గొట్టం తిన్నగా ఉంటేనే బలం. వంపు ఉన్న గొట్టాన్ని రెండు కొసల నుండి నొక్కితే, అది విల్లులా మరింత వంగిపోతుంది. 1952లో లీ మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మెర్సిడెస్-బెంజ్ 300ఎస్‌ఎల్ చట్రాన్ని రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ సన్నని, తిన్నని గొట్టాలను త్రిభుజాలుగా కలిపి రూపొందించాడు. ఆ గొట్టాల కోసం పక్క గోడలు ఎత్తుగా పెట్టవలసి వచ్చి, తలుపులు పైకి రెక్కల్లా తెరుచుకొనేటట్లు అమర్చారు. గొట్టాన్ని వంచి తలుపుకు దారి ఇవ్వలేదు, తలుపునే మార్చారు. రోల్ కేజిలో సైతం కమానులకు వంపులు తప్పవు గానీ, వాటిని కలిపే ఐమూల కడ్డీలను వీలైనంత వరకు తిన్నగానే వేసి, కొసలను చేప నోరులా కోసి కమానుకు వెల్డు చేస్తారు.