ఇంట్లో మాటలు ఆగిపోతే

మిల్లు మూసేశాక మా లైన్లో చాలామందికి నిద్ర పట్టేది కాదు, అన్నం సయించేది కాదు. తాగుడు వల్ల అనుకునేవాళ్ళం. నేను తాగను, అయినా నాకూ వచ్చింది. తెల్లారి ఐదింటికే లేచి గేటు దాకా పోయి, తాళం చూసి తిరిగొచ్చేవాణ్ణి. ఇంటావిడ అగరబత్తీలు చుట్టి సంసారం లాగుతుంటే నాకు నామోషీ. ఆరు నెలలు ఆమెతో సరిగా మాట్లాడలేదు.

అల్లుడు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌కి తీసుకుపోయాడు. మన పాతవాళ్ళు పిచ్చాసుపత్రి అనేవాళ్ళు చూడండి, అదే. తెలిసినవాళ్ళు చూస్తారేమోనని తల దించుకునే పోయాను.

మాత్రలిచ్చారు. వాటితోపాటు వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడించారు. దీన్ని ఇంటర్‌పర్సనల్ థెరపీ అంటారు. 1970ల్లో అమెరికాలో క్లెర్మన్, వైస్‌మన్ అనే ఇద్దరు తయారుచేశారట. మామూలుగా 12 నుంచి 16 వారాలు. చిన్ననాటి సంగతులు తవ్వరు. అయినవాళ్ళు పోయారా, ఇంట్లో తగువా, బతుకులో పెద్ద మార్పొచ్చిందా, దగ్గరివాళ్ళే లేరా, ఈ నాలుగిట్లో దేన్నుంచి దిగులు మొదలైందో చూస్తారు. నాది మూడోది. దాన్నుంచే రెండోది పుట్టింది.

డాక్టరమ్మ అడిగింది:

"నిన్న కాఫీ ఇస్తే మీరేమన్నారు?"

"అక్కడ పెట్టు అన్నాను."

"మనసులో ఏముంది?"

"ఆమె సంపాదనతో తాగుతున్నానని సిగ్గు."

"ఆ మాట ఆమెతో చెప్పారా?"

ఎక్కడ చెప్పాను! ఎలా చెప్పాలో అక్కడే రెండుసార్లు అనిపించింది. ఇంటికొచ్చి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. విని ఇంటావిడ, "మీరు మొహం తిప్పుకుంటే నావల్ల ఏం తప్పు జరిగిందా అని ఏడ్చేదాన్నండీ" అంది. మర్నాటి నుంచి పక్కన కూర్చుని నేనూ చుట్టాను. మొదటి కట్టంతా వంకరే. గేటు దగ్గరికి పోవడం నెమ్మదిగా మానుకున్నాను.

ఇది చదువుకున్నవాళ్ళ వైద్యం అనుకోకండి. 2002లో ఆఫ్రికాలోని ఉగాండా పల్లెల్లో, డాక్టర్లు కాని స్థానికులకే నేర్పించి, జనాన్ని గుంపులుగా కూర్చోబెట్టి చేస్తే చాలామందికి దిగులు తగ్గింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతి మీద పుస్తకమే వేసింది. మన యూనియన్ గదిలో క్యారమ్ బోర్డు పక్కకి జరిపితే అలా పదిమంది కూర్చోవచ్చు, నా ఆశ అది.

ఒకటి మాత్రం, మాత్రలు వాడేవాళ్ళు సొంతంగా ఆపొద్దు. అంత దూరం పోలేనివాళ్ళు టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బు అడగరు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడేవాళ్ళూ ఉన్నారు.