ఇంటిబడికి క్లాప్ కొట్టే ముందు...

తారల కబుర్లూ, కొత్త చిత్రాల విశేషాలూ వేసుకునే పేజీలో ఈ చదువుల గొడవేమిటయ్యా అని విసుక్కోకండి. మన తెలుగువాళ్లకి మాటలొచ్చిన తొలి సినిమా కథే చదువుల గొడవ! 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ మాటే నేననేది. తండ్రి చండామార్కుల బడికి పంపితే, కుర్రవాడు తల్లికడుపులో ఉండగా నారదుడి దగ్గర విన్న పాఠమే పట్టుకు కూచున్నాడు. 1967లో రోజారమణి ప్రహ్లాదుడైనప్పుడూ అదే పేచీ. హిరణ్యకశిపుడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి లెండి. బిడ్డని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని ఈనాటి చట్టమూ అంటోంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మా ప్రహ్లాదుడి సంగతి. తెనాలిలో మా అక్క కొడుకు. తొమ్మిదేళ్లొచ్చినా అక్షరాలు తారుమారు చేసేవాడు. ‘కమల’ రాయమంటే ‘కలమ’ రాసేవాడు. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మావాడి బడిలో మాత్రం ఆ సినిమా ఎవరూ చూసినట్టు లేదు. ఒక క్లాసు దింపి, తనకన్నా చిన్నపిల్లల వెనకాల కూచోబెట్టారు. రోజూ పొద్దున్నే కడుపునొప్పి. విచిత్రం, ఆదివారం మాత్రం ఉండేది కాదు! సినిమాలో అయితే ఇంటర్వెల్ వేళకి ఆమిర్‌ఖాన్ లాంటి మేష్టారొస్తాడు. మావాడికెవరూ రాలేదు. చూసి చూసి అక్కే మానిపించేసింది.

ఇంట్లో యుద్ధకాండ! “బడి మానేసినవాడికి రేపు పిల్లనెవరిస్తారే?” అని మా అమ్మ. బావ నోరు విప్పలేదు, భోజనం దగ్గర కూడా.

అక్క మొదటి నెల పుస్తకం ముట్టుకోనివ్వలేదు. చాలామంది ఇంటిచదువు అనగానే గోడకి నల్లబల్ల తగిలించి, తొమ్మిదింటికి గంట కొట్టి, అమ్మే టీచరమ్మ అయిపోతుంది. దానికి ఆ బడే నయం కదండీ! బడిలో దెబ్బతిన్న పిల్లాడికి ముందు కాస్త ఊపిరి పీల్చుకోనివ్వాలి. తర్వాత రోజుకి రెండు గంటలు. ఒక్క పిల్లవాడికి అది బోలెడు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఫోనులోకి ఉచితంగానే దిగుతాయి. ఖర్చు పుస్తకాలకి కాదు, ఎక్కడో తర్వాత చెబుతాను.

లెక్కలు మాత్రం తాతయ్య, అంటే బావ వాళ్ల నాన్నగారు చెప్పారు. ఆయన ముప్పై ఏళ్లు సినిమాహాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. డిజిటల్ వచ్చాక ఇంట్లో కూచున్నారు.

“ఒరేయ్, 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి తెరమీద 24 వెళ్లిపోతాయి. వెయ్యడుగుల రీలు ఎంతసేపాడుతుందిరా?”

మావాడు మధ్యాహ్నమంతా నేలమీద సుద్దతో భాగించాడు. “పదకొండు నిమిషాల ఆరు సెకన్లు. ఇంకా 16 ఫ్రేములు మిగిలాయి తాతయ్యా!”

“అంటే?”

“అంటే... ఒక్క అడుగు!”

నేనక్కడే ఉన్నాను. శేషం అంటే ఏమిటో నాకు డిగ్రీ అయ్యాక కూడా అంత బాగా తెలియలేదంటే నమ్మండి. రెండున్నర గంటల సినిమాకి పద్నాలుగు రీళ్లు ఎందుకు కావాలో మర్నాడు వాడే నాకు చెప్పాడు.

ఇక చట్టం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య. ఇందాక చెప్పిన విధి పదో సెక్షన్లో ఉంది కాని, తప్పితే శిక్ష ఇంత అని రాయలేదు. ఇంటిచదువు అన్న మాటే ఆ చట్టంలో లేదు. మనసు మారి మళ్లీ బడికి పంపాలంటే వయసుకు తగ్గ క్లాసులో చేర్చుకోవాలన్న మాట మాత్రం ఉంది. అయినా టి.సి., జనన ధ్రువపత్రం బీరువాలో భద్రంగా పెట్టుకోండి.

మరి పరీక్షలో? దానికి సార్వత్రిక విద్యాపీఠాలున్నాయి. ఎన్ఐఓఎస్ 1989లో పుట్టింది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. అయిదు సబ్జెక్టులు, పూర్తి చెయ్యడానికి అయిదేళ్ల గడువు, తెలుగు మాధ్యమమూ ఉంది. ఆంధ్రా, తెలంగాణాలకి వేరువేరుగా ఓపెన్ స్కూళ్లున్నాయి.

మన పేజీ కాబట్టి ఒక హెచ్చరిక. పిల్లాణ్ణి బాలతారని చెయ్యాలని బడి మానిపించేవాళ్లు దీన్ని ఇంటిచదువు అనకండి. 2017 నిబంధనల ప్రకారం బాలనటుల పని రోజుకి అయిదు గంటలు దాటకూడదు, ఏకధాటిగా మూడు గంటలు మించకూడదు, వరసగా 27 రోజులకు మించి షూటింగు చెయ్యకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరనే బ్యాంకులో పడాలి. చదువు ఆగకూడదన్నదీ అందులోనే ఉంది.

ఖర్చు సంగతి చెబుతానన్నాను కదూ? అక్క టైలరింగ్ షాపు ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి తెరుస్తుంది. పెళ్లిళ్ల సీజనులో జాకెట్లన్నీ ఎదురు షాపుకి పోయాయి. రాబడి సగానికి సగం. అదీగాక పగలంతా వీధిలో పిల్లలుండరు. సాయంత్రం క్రికెట్ టీము వచ్చేదాకా మావాడు గుమ్మంలో కాపలా.

ఇప్పుడు వాడికి పదకొండు. చదవడం ఇంకా నెమ్మదే. మొన్న బస్టాండు దగ్గర వాల్‌పోస్టరు మీద పేర్లన్నీ కూడబలుక్కుని చదివి, ‘ఛాయాగ్రహణం’ దగ్గర ఆగి, నావైపు చూడకుండా మళ్లీ మొదటినుంచి పట్టుకున్నాడు. పదో తరగతి గట్టెక్కుతాడా అంటే అక్కకీ తెలియదు. బావ మాత్రం ఈమధ్య రాత్రిళ్లు ఇంగ్లీషు చెబుతున్నాడు.

అన్నయ్యని చూసి చెల్లెలు కూడా బడి మానేస్తానంది. దానికి బడిలో నలుగురు స్నేహితురాళ్లు, డాన్సు, క్లాసులో రెండో ర్యాంకు. అక్క ఒప్పుకోలేదు. రోజూ ఎనిమిదింటికి రెండు జడలు వేసి పంపిస్తోంది.