సొమ్మసిల్లడం: అనుభవం, కారణాలు, ప్రథమ చికిత్స – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
మెదడుకు అందే రక్తం కొద్ది క్షణాలపాటు తగ్గినప్పుడు మనిషి స్పృహ కోల్పోయి కూలిపోవడాన్ని సొమ్మసిల్లడం అంటారు. దానికి ముందు కలిగే అనుభూతులను, వాటి వెనుక ఉన్న శరీరధర్మాన్ని, పక్కనున్నవారు చేయవలసిన సాయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. 'మూర్ఛ' అనే ఒకే మాట రెండు వేర్వేరు స్థితులకు వాడుకలో ఉండటం వల్ల సాయంలో దొర్లే పొరపాట్లను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: సొమ్మసిల్లడం, మూర్ఛ, అపస్మారం, రక్తపోటు, ప్రథమ చికిత్స.

1. ఉపోద్ఘాతం:
పాఠశాల ప్రార్థన సమావేశంలో ఎండలో నిలబడిన విద్యార్థి, దర్శనం వరుసలో గంటల తరబడి నిలుచున్న భక్తురాలు, రక్తపరీక్షకు చేయి చాచిన యువకుడు ఉన్నట్టుండి కూలిపోవడం చాలామంది చూసిన దృశ్యమే. పడినవారిని వెంటనే లేపి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్లు పోయడం, చుట్టూ మూగడం కూడా అంతే పరిచితం. మంచి ఉద్దేశంతోనే చేసినా, ఈ పనులు మేలుకు బదులు కీడు చేయవచ్చు. సొమ్మసిల్లిన శరీరానికి ఆ క్షణంలో నిజంగా ఏమి కావాలో తెలిస్తే సాయం ఎంత సులువో అర్థమవుతుంది.

2. పదాలు – అర్థభేదాలు:
సొమ్మసిల్లడం, సోలిపోవడం, స్పృహ తప్పడం, మూర్ఛపోవడం అనే మాటలు తెలుగులో దాదాపు సమానార్థకాలుగా వాడుకలో ఉన్నాయి. తిరిగి తెలివి రావడానికి 'తెప్పరిల్లడం' అనే చక్కని మాట ఉంది. అయితే 'మూర్ఛ' అనే పదం ఫిట్స్ వచ్చే వ్యాధికి కూడా పేరైంది. ఆ వ్యాధికి పాత తెలుగులో ఉన్న 'కాకిసొమ్మ' అనే మాటలోనూ 'సొమ్మ' కనిపిస్తుంది.

ఆయుర్వేద గ్రంథాలు ఈ రెంటినీ విడివిడిగానే చూశాయి. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో మూర్ఛకు, అపస్మారానికి వేర్వేరు అధ్యాయాలున్నాయి. మూర్ఛాభేదాల్లో రక్తం కారణంగా కలిగే మూర్ఛను ప్రత్యేకంగా పేర్కొనడం గమనార్హం. రక్తం చూడగానే కొందరు కూలిపోతారని ఆధునిక వైద్యమూ చెబుతోంది. శాస్త్రం పాటించిన ఈ భేదం వాడుకభాషలో చెరిగిపోవడంతో, కేవలం సొమ్మసిల్లినవారిని కూడా మూర్ఛరోగులుగా భావించి చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వంటివి జరుగుతున్నాయి. ఇనుముకు ఫిట్స్‌ను ఆపే శక్తి లేదు. సొమ్మసిల్లినవారికీ దానివల్ల ఒరిగేది లేదు.

3. సొమ్మసిల్లే ముందు కలిగే అనుభవం:
చాలామందికి స్పృహ ఒక్కసారిగా పోదు. ముందుగా ఒళ్లంతా నీరసం, కడుపులో వికారం, ఆవులింతలు, ముచ్చెమటలు మొదలవుతాయి. ముఖం పాలిపోతుంది, చేతులు చల్లబడతాయి. తరువాత చూపు అంచుల నుంచి మసకబారి కళ్లు బైర్లు కమ్ముతాయి. చెవుల్లో హోరు వినిపిస్తుంది. పక్కనున్నవారి మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్లుంటాయి. కాళ్లు నిలవవు. ఆ తరువాత జరిగినది పడినవారికి సాధారణంగా గుర్తుండదు.

చూపు ముందుగా పోవడానికి కారణముంది. కంటిగుడ్డు లోపల సహజంగానే కొంత ఒత్తిడి ఉంటుంది. రక్తపోటు పడిపోయినప్పుడు ఆ ఒత్తిడిని అధిగమించి నేత్రపటలానికి రక్తం చేరడం కష్టమవుతుంది. అందువల్ల మెదడు ఇంకా పనిచేస్తుండగానే కళ్లకు చీకటి కమ్ముతుంది. 'కళ్లు బైర్లు కమ్మాయి' అన్న మాట కాబట్టి ఒక హెచ్చరిక. అది వినగానే సాయం మొదలుకావాలి.

4. శరీరంలో జరిగే మార్పు:
మనిషి నిలబడగానే సుమారు అర లీటరు నుంచి ఒక లీటరు వరకు రక్తం ఛాతీ భాగం నుంచి పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. ఆరోగ్యవంతుల్లో రక్తనాళాలు బిగుసుకొని, గుండె వేగం పెరిగి ఈ లోటు భర్తీ అవుతుంది. భయం, నొప్పి, ఉక్కపోత, ఎక్కువసేపు కదలకుండా నిలబడటం వంటివి కొందరిలో దీనికి వ్యతిరేకమైన స్పందనను రేపుతాయి. రక్తనాళాలు సడలుతాయి, వేగస్ నరం ప్రభావంతో గుండె వేగం తగ్గుతుంది. బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ 1932లో ఈ రెండు మార్పులనూ కలిపి వివరించాడు. మెదడుకు రక్తం 6 నుంచి 8 క్షణాలు పూర్తిగా ఆగితే చాలు, స్పృహ పోతుంది.

పడిపోవడంతో తల గుండెతో సమానమైన ఎత్తుకు వస్తుంది. అప్పుడు రక్తం భూమ్యాకర్షణకు ఎదురెక్కవలసిన పని ఉండదు. అందుకే చాలామంది అర నిమిషంలోపే తెప్పరిల్లుతారు. అంటే ఈ స్థితికి తొలి చికిత్స పడుకొని ఉండటమే. అలాంటివారిని లేపి కూర్చోబెట్టడమంటే ఆ చికిత్సను మధ్యలో ఆపివేయడమే.

5. వణుకు – అపోహ:
స్పృహ తప్పినప్పుడు చేతులు, కాళ్లు కుదుపులకు లోనైతే చూసేవారు ఫిట్స్ అనుకుంటారు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులను సొమ్మసిల్లేలా చేసి, ఆ దృశ్యాలను వీడియోలో చిత్రించి థామస్ లెంపర్ట్ బృందం 1994లో ఫలితాలు ప్రచురించింది. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 90 శాతం మందికి ఇలాంటి కుదుపులు కనిపించాయి. కాబట్టి వణుకు ఒక్కటే ఆధారంగా మూర్ఛరోగమని నిర్ణయించకూడదు. నాలుక పక్కభాగం తెగడం, కుదుపులు నిమిషాల తరబడి సాగడం, తెలివి వచ్చాక కూడా చాలాసేపు అయోమయంగా ఉండటం ఫిట్స్‌ను సూచిస్తాయి. అప్పుడు కూడా కాళ్లూ చేతులూ బలంగా అదిమిపట్టకూడదు. నోట్లో ఏమీ పెట్టకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కు ఫోన్ చేయాలి.

6. చేయవలసిన సాయం:
6.1 పడకముందు: కళ్లు తిరుగుతున్నాయన్నవారిని ఉన్నచోటనే పడుకోబెట్టాలి. స్థలం లేకపోతే కూర్చోబెట్టి తల మోకాళ్ల మధ్యకు వంచమనాలి. కాళ్లు ఒకదానిపై ఒకటి వేసి తొడలను, పిరుదులను గట్టిగా బిగించడం, పిడికిళ్లు బిగించడం రక్తపోటును కొంత నిలబెడతాయి.

6.2 పడిన తరువాత: వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లను ఒక అడుగు ఎత్తులో ఉంచాలి. మెడ, నడుము దగ్గర బట్టలు వదులు చేయాలి. గాలి ఆడేలా జనాన్ని దూరం జరపాలి. గర్భిణిని ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టాలి. వాంతి అవుతుంటే ఎవరినైనా పక్కకు తిప్పాలి. ముఖంపై తడిగుడ్డ వేయడం వల్ల హాని లేదు కానీ, పూర్తిగా తెలివి రాకముందు నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు.

6.3 తెప్పరిల్లాక: కనీసం 10, 15 నిమిషాలు పడుకోనివ్వాలి. తరువాత కూర్చోబెట్టి, కొంతసేపు ఆగి నిలబెట్టాలి. తొందరపడితే మళ్లీ పడిపోవచ్చు.

6.4 తెలివి రాకపోతే: ఒక నిమిషంలో తేరుకోకపోతే 108కు ఫోన్ చేయాలి. ఊపిరి సహజంగా లేకపోతే అది సొమ్మసిల్లడం కాదు. గుండె ఆగి ఉండవచ్చు. వెంటనే ఛాతీ మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉండాలి.

7. వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు:
పరుగెత్తుతున్నప్పుడో, పడుకొని ఉన్నప్పుడో స్పృహ తప్పడం, ముందస్తు లక్షణాలేవీ లేకుండా కూలిపోవడం, ఛాతీనొప్పి లేదా గుండెదడ ఉండటం, కుటుంబంలో చిన్నవయసు ఆకస్మిక మరణాలు సంభవించి ఉండటం గుండె వ్యాధికి సూచనలు కావచ్చు. మధుమేహానికి మందులు వాడేవారిలో రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు. ఎండలో పడినవారి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. వారిని నీడకు చేర్చి ఒంటిపై చల్లని నీళ్లు పోస్తూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

8. ముగింపు:
సొమ్మసిల్లడం చాలా సందర్భాల్లో ప్రాణాపాయం లేని తాత్కాలిక స్థితి. దానికి ముందు కలిగే లక్షణాలకు తెలుగులో మాటల కొరత లేదు. అవి వినిపించినప్పుడు మనిషిని పడుకోబెట్టడం, మూర్ఛరోగమన్న ముద్ర వేయకుండా ఊపిరిని గమనించడం, తనంతట తాను తెప్పరిల్లే వ్యవధి ఇవ్వడం ముఖ్యం. ఇవి తెలియడానికి వైద్యవిద్య అవసరం లేదు. పాఠశాలల్లో, ఉత్సవాల్లో, పని ప్రదేశాల్లో ఈ కొద్దిపాటి జ్ఞానం ప్రచారమైతే, పడినవారికి లేనిపోని గాయాలు తప్పుతాయి. నిజమైన అపాయం సకాలంలో బయటపడుతుంది.