ధమనిలోపల ధ్వనిపరీక్ష

కుమ్మరియొద్ద కుండ కొనునప్పుడు మన స్త్రీలు దానిని కంటితో జూచి యూరకుండరు. వ్రేలి కణుపుతో తట్టి చూతురు. కంటికి గానరాని బీట చెవికి దెలియును. కొబ్బరికాయను గూడ చెవియొద్ద బెట్టి యాడించి లోపలి నీటిని గ్రహింతురు. ధ్వనివలన లోపలి సంగతి దెలిసికొను నీ పద్ధతియే నేడు మిక్కిలి సూక్ష్మమై, గుండెకు నెత్తురు గొనిపోవు సన్నని నాళములలోనికి బ్రవేశించినది. దీనిని ఇంట్రావాస్క్యులర్ అల్ట్రాసౌండు అనియు, సంగ్రహముగా ఐవస్ అనియు వైద్యులు వ్యవహరించుచున్నారు. ఛాతినొప్పి యని చెప్పిన స్త్రీకి “నీకేమియు లేదు” అను సమాధానము దొరకుట తరచుగా జరుగుచున్నది గనుక, ఈ పరీక్ష మనమందరము దెలిసికొనదగినది.

గుండె కండరమునకు నెత్తురు దెచ్చు నాళములకు కరోనరీ ధమనులని పేరు. వాని లోపలి వెడల్పు చాలవరకు రెండు మొదలు నాలుగు మిల్లీమీటరులు మాత్రమే. స్త్రీలకు ఇవి సామాన్యముగా పురుషుల ధమనులకంటె సన్నముగా నుండును. వీనిని పరీక్షించుటకు ఆంజియోగ్రాము ప్రసిద్ధమైన సాధనము. ధమనిలోనికి మందు నెక్కించి ఎక్స్‌రే బొమ్మ తీయుదురు. ఆ బొమ్మలో గానవచ్చునది మందు ప్రవహించు మార్గమే గాని ధమనిగోడ గాదు. కాలువలో నీరు ధారాళముగా బారుట చూచి, గట్టులోపల ఎలుకబొరియలు లేవని చెప్పగలమా? ఆంజియోగ్రాము చూపునది నీటి పారుదల. గట్టు సంగతి వేరు.

ఈ భేద మెంత ముఖ్యమో 1987లో చికాగో వైద్యుడు సీమూర్ గ్లాగోవ్, ఆయన సహచరులును వెల్లడించిరి. మృతులైన 136 మంది గుండెలను వారు పరిశీలించిరి. ధమనిగోడలో క్రొవ్వు పేరుకొనుకొలది ధమని వెలుపలికి ఉబ్బి, లోపలి దారిని చాలకాలము తగ్గనీయకుండ కాపాడుకొనుచున్నదని తేలెను. ఆ క్రొవ్వు సుమారు నూటికి నలువది వంతుల స్థలము నాక్రమించువరకు దారి యిరుకు గాకుండవచ్చును. అంతవరకు ఆంజియోగ్రాములో ధమని నిర్దోషముగానే తోచును.

స్త్రీల విషయమున దీని ఫలితమును 2010లో వెలువడిన యొక అమెరికా పరిశోధన తెలుపుచున్నది. ఛాతినొప్పి యుండియు ఆంజియోగ్రాములో పెద్ద యడ్డంకి యేదియు గానరాని స్త్రీలకు ఐవస్ పరీక్ష చేసిరి. వారిలో ఇంచుమించు ఐదింట నాలుగు వంతుల మందికి ధమనిగోడలో క్రొవ్వు పేరుకొని యుండెను. అనేకులలో ధమని పైన జెప్పిన విధముగా వెలుపలికి ఉబ్బి దారిని నిలుపుకొని యుండెను. గోడలోని క్రొవ్వే ప్రతివారి నొప్పికిని కారణమని దీనివలన రుజువు గాదు. కాని ఏ రోగమును లేదనుకొన్న స్త్రీలలో పెక్కుమందికి రోగ మారంభమై యుండెననుట మాత్రము స్పష్టము.

ఇక నీ ధ్వని సంగతి విచారింతము. మన చెవి సెకనుకు 20,000 కంపనములవరకు మాత్రమే వినగలదు. అంతకు మించినది అతిధ్వని. గర్భిణులకు పొట్టపై చేయు స్కానింగులో సాధారణముగా సెకనుకు 20 లక్షలు మొదలు 50 లక్షల కంపనములు గల ధ్వనిని వాడుదురు. కంపనములు హెచ్చినకొలది బొమ్మ తేటపడును గాని, ధ్వని లోతునకు బోజాలదు. ధమనిగోడ పొరలను జూపవలెనన్న 2 కోట్లు మొదలు 6 కోట్ల కంపనములు కావలయును. ఆ ధ్వని కొలది మిల్లీమీటరులే సాగును గనుక ఛాతిపైనుండి పంపిన గుండెనాళమును జేరదు. అందుచేత సాధనమునే చిన్నదిగా జేసి ధమనిలోనికి బంపవలసి వచ్చెను.

దీనికి మూలము 1880లో దొరకినది. మేరీ క్యూరీకి తరువాతికాలమున భర్త యయిన పియరీ క్యూరీయు, ఆయన యన్న జాక్ క్యూరీయు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చిన ఆ స్ఫటికములే కంపించునని పిమ్మట దెలిసెను. ఈ గుణము గల చిన్న పలుకు ధ్వనిని పుట్టించును. తిరిగివచ్చు ప్రతిధ్వనిని దానే గ్రహించును. నోరును చెవియు నొక్కటే యన్నమాట.

నాళముల ద్వారా గుండెను జేరుటకు తొలిదారి చూపిన కథలో ఒక నర్సుకు భాగము కలదు. 1929లో జర్మనీ దేశమందలి ఎబెర్స్‌వాల్డె ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు చేతి సిరనుండి గుండెలోనికి సన్నని గొట్టమును బంపదలచెను. పైయధికారి యొప్పుకొనలేదు. పనిముట్ల తాళపుచెవులు గెర్డా డిట్‌జెన్ అను నర్సు చేతిలో నుండెను. ఆమె పనిముట్లు నిచ్చుటయే గాక, ప్రయోగము తనపైనే చేయుమని సిద్ధపడెను. ఫోర్స్‌మన్ ఆమెను బల్లకు గట్టి, ఆమెకు దెలియకుండ తన చేతిసిరలోనే గొట్టమును దూర్చుకొనెను. పిదప ఆమె కట్లు విప్పి, ఇరువురును ఎక్స్‌రే గదికి నడచిపోయిరి. గొట్టపుకొన గుండెలో నుండుట బొమ్మలో గనబడెను. 1956లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ నర్సు ధైర్యమును గూడ మనము స్మరింపవలయును.

అటువంటి గొట్టపుకొనను 32 స్ఫటికపు పలుకుల నమర్చి గుండెగదులను జూచు సాధనమును హాలెండులోని రోటర్‌డామ్ నగరమున నికొలాస్ బోమ్, ఆయన సహచరులును 1972లో ప్రకటించిరి. అది సుమారు మూడు మిల్లీమీటరుల లావు. కరోనరీ ధమనికి మిక్కిలి పెద్దది. 1980వ దశాబ్ది చివర కాలిఫోర్నియా వైద్యుడు పాల్ యాక్ మొదలగువారి కృషివలన ధమనులలో బట్టు సన్నని సాధనములు వచ్చినవి. నేటి వాని లావు ఒక మిల్లీమీటరునకు దగ్గర. కొన్నిటిలో ఒకే పలుకు నిమిషమునకు 1,800 సారులు తిరుగును. కొన్నిటిలో 64 పలుకులు చుట్టును గదలక నిలిచి వంతులవారిగా బనిచేయును.

పరీక్ష చేయు విధ మిది. మణికట్టునగాని గజ్జలోగాని చర్మమునకు తిమ్మిరిమందిచ్చి, ధమనిలోనికి గొట్టమును బంపుదురు. దానిగుండ వెండ్రుకవలె సన్నని తీగెను కరోనరీ ధమనిలోనికి నడిపి, ఆ తీగెవెంట ధ్వనిసాధనమును జేర్చుదురు. పిదప సెకనుకు అర మిల్లీమీటరు చొప్పున మెల్లగా వెనుకకు లాగుచుండగా, చెట్టుమొదలు కోసినప్పటి వలయములవలె ధమని అడ్డుకోతలు వరుసగా తెరపై గానవచ్చును. సున్నము గట్టిన చోటు తెల్లగా మెరసి, వెనుక నీడ నిచ్చును. మెత్తని క్రొవ్వు మసకగా నుండును. సాధారణముగా రోగికి లోపల నొప్పి దెలియదు.

ధమనిలో స్టెంటు అను లోహపుజాలీ నుంచునప్పుడు దీని యుపయోగము మిక్కిలి స్పష్టము. చేతికొలత దెలియక గాజులు కొన్నచో బిగియవచ్చును, జారవచ్చును. స్టెంటునకును అంతే. సరిగా విచ్చుకొననిచో అచట నెత్తురు గడ్డకట్టు నపాయము కలదు. దక్షిణ కొరియాలో క్లిష్టమైన యడ్డంకులు గల 1,639 మందిపై జరిపిన పరిశోధన 2023లో వెలువడెను. ధమనిలోపలి బొమ్మల సాయముతో స్టెంటు వేసినవారిలో హృద్రోగ మరణము, ఆ ధమనివలన గుండెపోటు, అచటనే మరల చికిత్స యను మూడింటిలో నేదైన గలిగినవారు నూటికి 7.7 మంది, ఆంజియోగ్రాముతో మాత్రమే వేసినవారిలో 12.3 మంది.

అయినను ఇది అందరికిని జేయవలసిన పరీక్ష గాదు. వ్యయ మధికము. అరుదుగా ధమని ముడుచుకొనుటయు, గోడకు గాయమగుటయు సంభవించును. గుండెకండరములోని అతిసూక్ష్మ నాళముల రోగమును ఇది చూపజాలదు. స్త్రీల ఛాతినొప్పికి అదియు నొక కారణమే. ఎవరికి ఏ పరీక్ష తగునో వైద్యుడే నిర్ణయింపవలయును.

మన చేతిలోని పని వేరుగ నున్నది. ఇంటిలో తల్లిగాని, అత్తగాని, కోడలుగాని ఛాతి బిగియుచున్నదనియు, దవుడకును వీపునకును నొప్పి ప్రాకుచున్నదనియు, ఊపిరి యాడక చెమట పట్టుచున్నదనియు జెప్పినప్పుడు, వాయువని శొంఠికషాయ మిచ్చి కాలము గడపరాదు. వెంటనే ఆసుపత్రికి గొనిపోవలయును. ఆంజియోగ్రాము బాగున్నదని చెప్పినపిమ్మటను నొప్పి మానకున్నచో, “గోడ యెట్లున్నది? సన్ననాళము లెట్లున్నవి?” అని వైద్యుని వినయముతో నడుగవచ్చును. అట్లడుగుటకు ఏ స్త్రీయు సంకోచింప బనిలేదు.