రాత్రివేళ కడుపుబ్బరము

ఈనాటి ప్రసంగవిషయము పదుగురిలో పలుకుటకు సంకోచము గలిగించునట్టిది. బడిలో పాఠములు చెప్పిన కాలమున ‘అపానవాయువు’ అను శబ్దము వచ్చినప్పుడెల్ల పిల్లలు నవ్వక మానలేదు. నాడు నవ్వినవారే నేడు నడివయస్సు వచ్చి, అర్ధరాత్రమున మా తలుపు తట్టి వాము అడుగుచున్నారు.

మా దాచేపల్లి పల్నాటి సీమలోనిది. చుట్టును ప్రత్తి, మిరప. కళ్లములలో కాయలు ఎండునప్పుడు కాపలా యుండువారు ప్రొద్దుపోయిన పిమ్మట పప్పును, గోంగూర పచ్చడిని దట్టించి, చేయి కడుగుకొని వెంటనే నులకమంచముపై వాలుదురు. రెండు జాములు గడచునప్పటికి కడుపు తప్పెటవలె బిగియును. నింద మిరపకు వచ్చును. మిరప మంటను పుట్టించునేకాని వాయువును అంతగా పుట్టింపదు. ఆబగా తినునప్పుడు మ్రింగిన గాలి యొకటి లోపల చేరును. పప్పుధాన్యములలో చిన్నప్రేగు అరగించుకొనజాలని చక్కెరలు కొన్ని కలవు. అవి పెద్దప్రేగునకు చేరి, అచ్చటి సూక్ష్మజీవులచే పులిసి, ఉదజనిని, బొగ్గుపులుసు వాయువును విడుచును. పాలు పడని పెద్దలకు పాలును ఇట్లే చేయును. నిద్రలో పెద్దప్రేగు కదలిక మందగించును గనుక, పగలు తెలియకుండ వెడలిపోవు వాయువు రాత్రి యొకచోట నిలిచి పొడుచును. ఎడమ డొక్క పైభాగమున ప్రేగు మలుపు తిరుగుచోట నిలిచినచో ఆ పోటు రొమ్ములో నున్నట్లే తోచును. ఈ మాట గుర్తుంచుకొనుడు. దీనియొద్దకు మరల వచ్చెదను.

వాగ్భటుడు అష్టాంగహృదయమున కడుపును నాలుగు పాళ్లు చేసి, రెండు పాళ్లు అన్నమునకును, ఒకటి పానీయమునకును, ఒకటి వాయువునకును విడువుమనెను. అధోవాయువును బలవంతముగా బిగబట్టినచో నొప్పియు ఉదావర్తమును గలుగునని మరియొకచోట హెచ్చరించెను. మర్యాదకొఱకు బిగబట్టువారు, ముఖ్యముగా క్రొత్తకోడండ్రు, ఈ మాట వినవలయును. హింగ్వష్టకచూర్ణమును ఆ గ్రంథమునందు గలదు: శొంఠి, పిప్పళ్లు, మిరియములు, అజమోదము, సైంధవలవణము, రెండు జీలకఱ్ఱలు, ఇంగువ. దీనిని నేతితో మొదటి ముద్దయందు తినవలెనని విధి. మనవారో, కడుపుబ్బిన పిమ్మట అర్ధరాత్రి డబ్బాలు వెదకుదురు! రక్తపుపోటు గలవారు ఇందలి ఉప్పును మరువరాదు.

రాత్రిభోజనము నిద్రకు రెండు మూడు గంటల ముందే ముగింపుడు. శనగలు, అలసందలు నానవేసిన నీటిని పారబోసి వండుడు. ఉబ్బరము వచ్చియే యున్నచో లేచి ముంగిట మెల్లగా నడువుడు. లేదా వెల్లకిల పరుండి మోకాళ్లను పొట్టకు చేర్చి కొంతసేపు పట్టుకొనుడు, దీనినే పవనముక్తాసనమందురు. అరచేతితో పొట్టను కుడిప్రక్క క్రిందినుండి పైకి, అచ్చటినుండి అడ్డముగా ఎడమకు, ఎడమనుండి క్రిందికి మెల్లగా నిమురుట మంచిది; పెద్దప్రేగు త్రోవ అదియే. చిటికెడు వాము నమలి గోరువెచ్చని నీరు త్రాగుట మన యిండ్లలోని వాడుక. పలువురకు హాయి నిచ్చును.

సోడా సంగతి వేఱు. గోలీసోడా త్రాగగానే బ్రేవుమని త్రేన్పు వచ్చును. లోపలి వాయువు వెడలినదని సంతోషింతుము. ఆ వచ్చినది చాలవఱకు సీసాలోని వాయువే.

ఇది నాకు ఆలస్యముగా తెలిసినది. కొన్ని యేండ్ల క్రిందట, మిరపకోతలనాటి యొక రాత్రి, మా ప్రక్కయింటి రైతు వచ్చి, “పంతులుగారూ, రొమ్ములో గ్యాసు పట్టిందండీ, కాస్త వాము ఇప్పించండి” అనెను. ఇచ్చితిని. సోడాయు త్రాగెను. పెద్ద త్రేన్పు వచ్చెను. “ఇంక తగ్గిపోతుందిలే” అని నేనే యంటిని. అతని చొక్కా తడిసియుండుట చూచితిని. మాఘమాసము, చలిరాత్రి, చెమట యేల యని అడుగనైతిని. తెల్లవారకముందే అతడు గతించెను. అది గుండెపోటని వైద్యులు పిమ్మట చెప్పిరి.

రొమ్ముపై బరువు పెట్టినట్లో, బిగించినట్లో యుండి, ఆ బాధ చేతికో దవడకో వీపునకో ప్రాకినను, చెమట పట్టినను, ఆయాసము వచ్చినను దానిని గ్యాసని తలపరాదు. చక్కెరవ్యాధి గలవారికిని, స్త్రీలకును ఒక్కొక్కప్పుడు నొప్పి లేకయే వికారమో, అజీర్ణమువంటి బాధయో మాత్రమే కనబడవచ్చును. త్రేన్పు వచ్చుటయు రాకుండుటయు నిదర్శనము కాదు, ఇ.సి.జి. తీసి చూడవలసినదే. అట్లే, పొట్ట బిగిసి వాంతులగుచు, వాయువును మలమును బొత్తిగా వెడలకున్నచో ప్రేగు అడ్డుపడి యుండవచ్చును. అదియు తెల్లవారువఱకు ఆగునది కాదు. 2005 నుండి మన రాష్ట్రమున 108 సంఖ్యకు పిలిచినచో వాహనము వచ్చుచున్నది. అది వచ్చులోపల రోగిని నడిపింపవలదు, సోడా పట్టవలదు. దేనికైన ఆనుకొనునట్లు కూర్చుండబెట్టవలయును. ఇల్లు వెదకుకొన పనిలేకుండ వీథి మొగమున ఒకరు టార్చిలైటు పట్టుకొని నిలువవలయును.