వేకువ ఒక్కటే, స్వభావాలు వేరు

ఫజ్ర్ వేళను నిర్ణయించేది మనిషి కాదు, ఆకాశం. హైదరాబాదులో జూన్ ఆరంభాన సూర్యోదయం సుమారు 5-40కి అయితే, జనవరి మధ్యలో 6-45 దాటుతుంది. కాని ఆ వేళకు లేవవలసిన శరీరాలు ఒక్కలాంటివి కావు. కొందరు తెల్లవారకముందే చురుకుగా ఉంటారు. కొందరికి ఇషా తర్వాతగాని బుద్ధి వికసించదు. ఈ రెండవ కోవవారిని సోమరులనటం మన ఇళ్ళలో పరిపాటి. ఇది న్యాయం కాదు.

మెదడు అడుగుభాగంలోని ఒక చిన్న కణసముదాయం నిద్రామెలకువల వేళలను నడుపుతుంది. కణాలలోని ఈ గడియారం పనిచేసే తీరును కనుగొన్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి లభించింది. దాని నడక కొంత పుట్టుకను బట్టి, కొంత వయస్సును బట్టి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రవానికి నిద్ర ఆలస్యంగా వస్తుంది, అరవై దాటిన తాతకు పెందలాడే వస్తుంది. తాత తన అలవాటుతో మనవడి భక్తిని కొలవరాదు.

మరి ఫజ్ర్ సంగతి? విధి విధియే. వెసులుబాటు దాని చుట్టూ ఉంది. విత్ర్ నమాజునే చూడండి. హజ్రత్ అబూబక్ర్ (రజి) దానిని నిద్రకు ముందే చేసుకునేవారు, హజ్రత్ ఉమర్ (రజి) రాత్రి చివరి భాగంలో చేసేవారు. దైవప్రవక్త (స) మొదటివారిది జాగ్రత్త అనీ, రెండవవారిది దృఢత్వమనీ అన్నారు. ఇద్దరిలో ఎవరినీ మార్చుకొమ్మనలేదు.

కనుక ఆలస్యంగా మేల్కొనే స్వభావం గలవారు ముందుగా సరిదిద్దుకోవలసింది క్రితం రాత్రిని. దైవప్రవక్త (స) ఇషాకు ముందు నిద్రనూ, తర్వాత కబుర్లనూ ఇష్టపడేవారు కాదు. నేడు కబుర్ల స్థానాన్ని చేతిలోని ఫోను ఆక్రమించింది. దాని వెలుతురు శరీరపు గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. ఫజ్ర్ తర్వాత ఆరుబయట నడిస్తే పగటి వెలుగు దానిని క్రమంగా ముందుకు జరుపుతుంది.

ఉదయకాలపు శుభం కోసం దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ హదీసును తెలిపిన సఖ్ర్ అల్ గామిదీ (రజి) తన సరకును పొద్దున్నే పంపి సంపన్నుడైన వర్తకుడు. అయితే లేచిన తొలి అరగంట మందకొడిగా ఉండేవారు అప్పుడే కఠినమైన లెక్కలు, కంఠస్థం పెట్టుకోనక్కరలేదు. కాసేపు తిలావత్, ఇంటిపనులు చూసుకుని, బరువైన పనిని ఎండ ఎక్కేవేళకు ఉంచుకోవచ్చు.

ఇక ఖైలూలా. మధ్యాహ్నం దుస్తులు సడలించి విశ్రమించే వేళ ప్రస్తావన సూరా నూర్ 58వ ఆయతులో ఉంది. ఇరవై నిమిషాల కునుకు చాలు. అస్ర్ దాకా సాగితే అది రాత్రి నిద్రనూ, దానితోపాటు మర్నాటి ఫజ్ర్‌నూ దెబ్బతీస్తుంది.